కొలతల పుస్తకం

కందుకూరు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పటి పేజీ ఇది.
మా నాయన చేతిరాత, కాపీయింగ్ పెన్సిలు:
శేషారత్నం, పామూరు. ఛాతీ ముప్పై, నడుం ఇరవై రెండు.
పక్కన చిన్నక్షరాల్లో: రాణి వేషం, దూది పెట్టాలి.

దూది నేనే ఏకాను. తొమ్మిదేళ్లుంటాయి నాకు.
ఆ రాత్రి పొగాకు బ్యారన్ల వెనక పందిట్లో
పెట్రోమాక్సు లైటు గాలికి ఆరిపోతే
చీకట్లోనే పద్యం ఎత్తుకుంది.
వెలిగించిందాకా రాగం దించలేదు.
వెలుగొచ్చాక చూస్తే దూది ఒక పక్కకి జారి ఉంది.
ఎవరూ నవ్వలేదు.

ముప్పై రెండు. ముప్పై నాలుగు.
ఊరు ప్రకాశంలో కలిసిన సంవత్సరం ముప్పై ఆరు,
"కుట్లు లోపల వదలాలి" అని రాసి ఉంది.
ఆ బిడ్డ సంగతి పుస్తకంలో లేదు.

తర్వాత నాలుగు పేజీలు ఖాళీ.
సింగరాయకొండలో మెయిలెక్కి మద్రాసు పోయింది,
అక్కడ వేరే దర్జీలు.

టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొని చూశాం.
హీరో తల్లి. మూడు నిమిషాలు. హారతి పళ్లెం.
నోరు ఆమెది, గొంతు ఎవరిదో, కృష్ణా జిల్లా గొంతు.
బెంచీలోంచి హార్మోనీ మస్తానయ్య లేచి
"అది మా రత్నం కాదురోయ్" అని అరిచాడు.
గేటుమనిషి బయటికి తోశాడు.
బయట నిలబడి ఆమె పద్యం ఆమెలాగే అందుకోబోయి,
అందక, ఏడ్చాడు.

తల్లి, అత్త, పక్కింటామె,
శవం పక్కన ఏడ్చే నలుగురిలో మూడో మనిషి.
ఆ తర్వాత టీవీలో నాయనమ్మ, ఆరేళ్లు, ఒకే సోఫాలో.
తిరగమోత మాడిపోతున్నా మా ఆవిడ లేచేది కాదు.

మొన్న ఆటో దిగింది, చేతికర్రతో.
టౌను హాల్లో సన్మానమంట, జాకెట్టు కావాలంట.
"ఏందబ్బయ్యా, మీ నాయన బోర్డు ఇంకా దించలా?"
ఆ గొంతుకి
వీధి అవతల సోడా కొట్టేవాడు చెయ్యి ఆపాడు.

టేపు చుట్టాను. కొత్త పేజీ.
ఊరు మళ్లీ నెల్లూరు జిల్లా.
"ముప్పయ్యేగా?" అంది, అటెటో చూస్తూ.
ఇరవై తొమ్మిదిన్నర.
ముప్పై అనే రాశాను.

"అబద్ధాలు రాయబాకయ్యా, దూది పెట్టు."
"శాలువా కప్పుతారు గదమ్మా, కనపడదులే."
"శాలువా తీసేసి పాడాల గదా!"

రాత్రి కరెంటు పోయింది.
దూది ఏకుతూ కూర్చున్నాను.