మూడో చెయ్యి

రాత్రి మూడింటికి చిలకలగూడలో
మా కుట్టుమిషను ఒక్కటే నడుస్తోంది.

కణితి మీదికి ఉసిగొల్పిన మందు
తిరిగి ఆమె పేగుల్నే కరిచిందట.
దాన్ని ఆపడానికి ఈ తెల్ల మాత్రలు, పొద్దున్నే ఎనిమిది.
"నిద్ర కొంచెం తగ్గొచ్చు" అన్నాడు డాక్టరు.

కొంచెం!
పదకొండు రాత్రులుగా ఇంద్రజ కుడుతూనే ఉంది.
పరదాలు చింపి లంగాలు,
ఎదురింటి షాహీన్ వాళ్ళకి దిండు గలీబులు,
నాకో చొక్కా, మూడు చేతులతో.
పకపకా నవ్వుతుంది. అంతలోనే కత్తెర దాచి
"ఆస్పత్రికి నా మీద చాడీలు చెప్తున్నావు కదూ" అంటుంది.
ముప్పయ్యేళ్ళలో మొదటిసారి నన్ను 'నువ్వు' అంది.
చెప్తున్నాను, నిజమే.
ఉబ్బి గుండ్రబడ్డ ఆ మొహంలో
నా మనిషిని వెతుక్కోలేక చెప్తున్నాను.

ఎనిమిది ఆరయ్యాయి, ఆరు నాలుగు.
ఒక్కసారిగా మానకూడదట,
చీకట్లో మెట్లు దిగినట్టు దిగాలట.

నిన్న మధ్యాహ్నం
సికింద్రాబాద్ రైళ్ళు అన్నేసి కూతలు కూస్తున్నా
నోరు తెరుచుకుని నిద్రపోయింది.
లేచి, కొక్కేనికి వేలాడే చొక్కా చూసి
"ఇదెవరు కుట్టారండీ?" అంది.

'అండీ.'

మూడో చెయ్యి విప్పేస్తానని బ్లేడు తీసుకుంది.
ఉండనీ, అన్నాను.
రేపటి మాత్రల్లో ఒకదాన్ని సగానికి విరిచి
వేలికంటిన పొడి నాకి చూశాను.
ఎంత చేదో.