కుచ్చులు

పర్లాకిమిడిలో నా డీటీపీ కొట్టు.
ఒక గోడకి ఒడియా శుభలేఖలు, ఇంకో గోడకి తెలుగువి.
మధ్యలో బల్ల మీద ఒబద్యా మాస్టారి నోటుబుక్కులు పదకొండు,
పేజీల మధ్య ఎండిన వేపాకుతో సహా.

హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి
రిటైరయ్యాక హీబ్రూ నేర్చుకున్నారు,
పోస్టులో తెప్పించుకున్న వ్యాకరణంతో, ఒక్కరే,
తప్పు పలికితే దిద్దే మనిషి
జిల్లా మొత్తమ్మీద లేకుండా.

ఆ అక్షరాలు నా కంప్యూటర్లో లేవు.
వచ్చిన చోటల్లా ఖాళీ వదిలేదాన్ని.
సాయంత్రం ఆయనొచ్చి, నల్లసిరాతో,
కుడి నుంచి ఎడమకి,
వెనక్కి నడుస్తూ నాట్లేసినట్టు
నింపేవారు.

రెండో అధ్యాయంలో ఒక్క మాట దగ్గర వారం ఆగిపోయాం.
చెంగు.
పన్నెండేళ్లు నెత్తురు పోయిన ఆవిడ
గుంపులో దూరి ముట్టుకున్నది మన తెలుగులో ఉత్త చెంగు.
"చెంగు కాదమ్మా, కుచ్చులు.
బట్ట నాలుగు మూలలా ముడులేసి వదిలిన దారాలు,
అందులో ఒకటి నీలం.
ధర్మశాస్త్రం మరిచిపోకూడదని యూదులు కట్టుకునేవి.
ఆయన ఒంటి మీదా ఉన్నాయి.
తర్జుమాలో మనమే కత్తిరించేశాం."

కుచ్చులంటే నాకెందుకు తెలీదు!
మాస్టారి భార్య దోర్కమ్మ బతుకంతా అదే.
బరంపురం పట్టు కొసలు చిక్కుతీసి
వేలికి చుట్టి ముడేస్తుంది, చీరకి నూట యాభై.
ఈ సంగతి చెప్తే కళ్లద్దాలు పైకి తోసి
"ఎన్ని ముడులంట?" అంది.
ఇన్నేళ్లలో ఆయన్నెవరూ అడగని ప్రశ్న.
ఆ రాత్రి మళ్లీ పుస్తకాలు దింపారట.

అయిదో అధ్యాయంలో నేనే అడిగాను,
"ఏటి మాస్టారూ, ఇంతకీ ఏ సంవత్సరంలో ఇడిపోనారు వాళ్లూ వీళ్లూ?
తేదీ ఉంటే హెడ్డింగులో పెడతాను."
ఆయన మహేంద్రతనయ వైపు చెయ్యి చూపించారు.
"ఏటికటు పాతపట్నం. ముప్పయ్యారులో గీత గీశారు.
మర్నాడు మా నాయనమ్మ ఏం చేసింది?
ఏరు దాటి సంతకెళ్లి ఎండుచేపలు తెచ్చింది.
మీ చుట్టాల్లో సగం ఇప్పుడెటున్నారు?"

ఇంకా చెప్పారు.
సిలువ తర్వాత మూడున్నర వందల ఏళ్లకి
అంతియొకయలో ఒక బోధకుడు గొంతు చించుకున్నాడట,
శనివారం యూదుల మందిరానికి పోవద్దు,
వాళ్ల పండగలకి పోవద్దు అని.
"అంటే ఏమిటి?"
నాకు బస్టాండు గోడ గుర్తొచ్చింది,
ఇచ్చట మూత్రము పోయరాదు.
"అంటే, పోతన్నారన్నమాట" అన్నాను.
మాస్టారది రాసుకున్నారు,
పేజీ అడుగున, చిన్నక్షరాల్లో, నా పేరుతో.

నేను "విడిపోయారు" అని కొట్టిన ప్రతిచోటా
ఎర్ర గీత పెట్టి "విడిపోతూ ఉన్నారు" అని దిద్దారు.
నలభై మూడు చోట్ల.
భూతకాలం మీద అంత పగున్న మనిషిని నేను చూళ్లేదు.

సంఘపెద్ద అహరోను గారు కొట్టుకే వచ్చారు.
"అచ్చు ఖర్చు మేమిస్తాం. ఆ అయిదోది తీసెయ్యండి.
రేపు పిల్లలు చదివితే మనమెవరిమనుకుంటారు?"
వెనక కొడుకులిద్దరూ తలూపారు.
"నఫ్తాలీ, ఇలా కూర్చో. బెన్యామీనూ, నువ్వూ."
పేర్లు నెమ్మదిగా, పూర్తిగా పలికి
మాస్టారు టీ తెప్పించారు.
ఇంకేమీ అనలేదు.
అధ్యాయమూ తియ్యలేదు.

వంద ప్రతులకి ఎంతవుతుందో
దోర్కమ్మ చీరల్లో లెక్కేసింది: నూట ఎనభై.
పెళ్లిళ్ల ముహూర్తాలు మాఘం దాకా లేవు.

నిన్న ప్రూఫు తిరిగొచ్చింది.
చెంగు అన్న మాట దగ్గర ఎర్రసిరా లేదు.
పేజీ మూలకి సూదితో బెజ్జం పెట్టి
నీలం పట్టుదారం కట్టి ఉంది,
ఎవరి పెళ్లిచీరలోంచి మిగిలిందో.
ముడులు మూడు. పుస్తకాల్లో దొరకలేదు కాబోలు,
చీరలకేసే లెక్కే వేసింది.

ఇదీ నా కంప్యూటర్లో లేదు.
ఖాళీ వదిలాను.