పేరు లేని బటన్

రుషికొండ ఐటీ కొండ మీద, అద్దాల గదిలో,
ఎవరి వెబ్‌సైట్ వాళ్లే కట్టుకునే పనిముట్టు చేశాం మేం.
"లాగండి, వదలండి, అంతే!"
మొదటి పేజీలో ఆ వాక్యం రాసింది నేనే,
లావుపాటి అక్షరాల్లో.

జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి
నూకరత్నం వచ్చింది.
పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవయ్యేళ్లు
గొంతులకి గొంతులు కలిపిన మనిషి.
ఇప్పుడు అప్పతో కలిసి ఎండుచేపల వ్యాపారం.
సంచిలో లాప్‌టాప్, దాని మీద నెత్తళ్ల పొట్లం.
ఏసీ గదంతా ఒక్కసారి తీరమైంది.

మౌస్ అందించబోయాను.
"దీంతో ఏటి సేత్తాను గుంటా?
ఈ ఎలక నడవాలంటే కళ్లుండాల."

ట్యాబ్ నొక్కింది.
"బటన్" అంది యంత్రం గొంతు.
ట్యాబ్. "బటన్."
ట్యాబ్. "బటన్."
నాకు అందనంత వేగంగా వింటోంది ఆమె,
తల కొంచెం పక్కకి వాల్చి.
"పదిహేడు బటన్లు.
ఒక్కదానికీ పేరెట్టలేదేటమ్మా?
మా పేటలో తెడ్డు ఇరిగిన పడవకీ పేరుంటాది."

తర్వాత బొమ్మలు ఎంచే కిటికీలోకి దిగింది.
దిగింది, అంతే.
ట్యాబ్ కొడితే చివరికి, మళ్లీ కొడితే మొదటికి.
బైటికి దారి, మూలన నేను గీసిన చిన్న ఇంటూ గుర్తు,
ఎలక్కి తప్ప ఎవరికీ అందదు.
"ఈ వల అల్లినోలికి కన్నం వదలడం తెలీదు" అంది,
కోపంగా కాదు,
వల బాగుచేసేవాళ్లు మాట్లాడినట్టు.

ఆ రాత్రి మౌస్‌ని సొరుగులో పెట్టాను.
తెర ఆర్పేశాను.
నలభై నిమిషాలు.
ఒక్క శీర్షిక పెట్టలేకపోయాను
నేను కట్టిన ఇంట్లో.

కిటికీలోంచి చూస్తే దూరంగా
లంగరేసిన ఓడల దీపాలు, పైలట్ కోసం ఆగి.
మా నాన్న టగ్గు మీద పనిచేసినప్పుడు చెప్పేవాడు:
కాలవలోకి ఓడని తెచ్చేది కన్ను కాదే, మాట.
పైలట్ ఒక మాట చెబుతాడు.
చుక్కాని దగ్గరవాడు అదే తిరిగి చెబుతాడు, తిప్పి, తిప్పానంటాడు.
ఆ మూడోది లేకపోతే ఓడ రాళ్ల మీదే.

మాది ఎప్పుడూ ఆ మూడో మాట చెప్పలేదు.

"అలాంటివాళ్లు ఎంతమందుంటారు?" అన్నాడు మేనేజరు.
సంఖ్య నాకు తెలీదు.
ఆమె ఎక్కిన రెండు బస్సుల నంబర్లు తెలుసు.
సీతంపేట గుమాస్తా తవిటయ్య తెలుసు:
కళ్లున్నాయి, చెయ్యి వణుకుతుంది,
మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ వస్తాడు,
తానెక్కడున్నాడో తెరలో వెతుక్కుంటాడు.
చుట్టూ వచ్చే ఆ నీలం గీతని
అందం చెడుతోందని పోయిన వేసవిలో తీసేశాం.
డాల్ఫిన్ నోస్ మీద దీపాన్ని
అందంగా లేదని ఎవరైనా ఆర్పేస్తారా?

వారాలు పట్టింది.
పదిహేడు పేర్లు. నీలం గీత, ఇంకాస్త మందంగా.
ఎస్కేప్ నొక్కితే తెరుచుకునే తలుపు.
లాగడం మాటే లేదు:
స్పేస్ కొడితే ఎత్తుతుంది, బాణం కొడితే జరుగుతుంది,
జరిగినప్పుడల్లా నోరు విప్పుతుంది:
"అయిదింటిలో మూడో చోటు."
"దించాం."

మళ్లీ వచ్చింది నూకరత్నం, మళ్లీ పొట్లంతో.
ఈసారి నేను కుర్చీ వెనక నిలబడ్డాను, చేతులు కట్టుకుని.
అదే కష్టమైంది నాకు.

రంగుల దగ్గర ఆగిపోయింది.
గొంతు ఇంకా అంకెలూ అక్షరాలూ కలిపి వాగుతోంది అక్కడ.
"సముద్రం రంగెట్టు" అంది నాతో.
"ఏ పూటది?"
"నన్నడుగుతావేటే!"
ఇద్దరం నవ్వుకున్నాం. అది ఇంకా బాగుచెయ్యాలి.

చివర్న ఫొటో ఎక్కించింది, అప్ప తీసినది.
"బొమ్మలో ఏముందో రాయండి" అని అడిగింది పెట్టె.
కళ్లున్నవాళ్లంతా ఖాళీగా వదిలేసే పెట్టె అది.
ఆమె వేళ్లు కాసేపు ఆగాయి.
సంచిలో చెయ్యి పెట్టి, పొట్లం విప్పి,
ఒకటి తీసి బొటనవేలితో తడిమి చూసి
టైపు చేసింది:

నెత్తళ్లు. బాగా ఎండాయి.
ఇసక లేదు.