పది పనిదినాల్లో జవాబు

హల్ నగరం. కౌన్సిల్ భవనం, మూడో అంతస్తు.
ఇల్లు రానివాళ్ళ కోపం చదవడం నా ఉద్యోగం.
పది పనిదినాల్లో జవాబివ్వాలని నియమం.
ఇల్లివ్వాలని కాదు.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
ఇల్లు అడిగి చూడమని
ఎందుకో ఎవరూ అనలేదు.

సోమవారం టపాలో చెమ్మ వాసన.
ఉత్తరంతోపాటు చిన్న ప్లాస్టిక్ సంచి,
అందులో గోడమీంచి గీకిన నల్లటి బూజు.
"మా అబ్బాయి రాత్రంతా పీల్చేది ఇదే.
మీరూ ఒక్కసారి సంచి విప్పి చూడండి."
ఫైల్లో దీన్ని ఏ పేరుతో ఎక్కించను?
'జతపరిచినవి: ఒకటి' అని రాసి
సొరుగులో పెట్టాను.
సొరుగులోంచి నా భోజనం డబ్బా బయటికి తీశాను.

ఇన్నేళ్ళు చదివాక చేతిరాత చూస్తే చాలు
వరసలో ఎన్నోవాళ్ళో చెప్పగలను.
నూటనలభైలో ఉన్నవాళ్ళు మర్యాదగా రాస్తారు.
పదిలోపుకి వచ్చి జారిపడ్డవాళ్ళు
కాగితం చిరిగేలా రాస్తారు.
రెండోవాళ్ళుగా ఆగిపోయినవాళ్ళు అసలు రాయరు,
వచ్చి కింద కుర్చీల్లో కూచుంటారు
కోటు కూడా విప్పకుండా.

ఈసారి గొడవంతా ఒక్క ఇంటి మీదే:
ఫెన్‌బీ క్లోజ్, పద్నాలుగో నంబరు,
రెండు పడకగదులు, వెనక అరచేతంత గడ్డి.
రెండువందల మూడుమంది
ఫోన్ల మీద వేలు నొక్కి మాకంటే మాకన్నారు.
తాళాలు ఒక్క జత.

థెల్మా బ్రాకిల్స్‌బీ రాసింది:
"మా నాన్న ఈ రేవులో ముప్పయ్యేళ్ళు చేపలు దింపాడు.
తొమ్మిదేళ్ళుగా మీ ఆఫీసు మెట్లెక్కుతున్నాను,
నా మోకాళ్ళరిగాయి గాని మీ మెట్లరగలేదు.
నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకా ఆ ఇల్లు?"

బూజు పంపిన యోర్దానోస్ రాసింది:
"ఇక్కడ పుట్టినవాళ్ళకే ఇస్తారట ఇళ్ళు.
అదే నిజమైతే ముందే చెప్పండి,
గురువారాలు త్వరగా పడుకుంటాను."

పద్నాలుగో నంబరులో ఎవరున్నారో నాకు తెలుసు.
ఆమె ఏ ఊరిదో, ఎందుకు లైటు వేసుకోదో,
పిల్లలకి కొత్త ఇంటిపేరు ఎందుకు నేర్పుతోందో తెలుసు.
ఆ ఒక్క వాక్యం రాస్తే
రెండు ఉత్తరాలూ చల్లారతాయేమో.
ఆ ఒక్క వాక్యం ఎవడి చెవిన పడినా
ఆమె తలుపు విరుగుతుంది.
కాబట్టి రాశాను:
'నిబంధనల ప్రకారమే కేటాయింపు జరిగింది.'
నిజమే రాశాను. అబద్ధంలా కనిపించింది.

పక్కిల్లు, పదహారో నంబరు, ఒకప్పుడు మాదే.
సగం ధరకి అమ్మేశాం.
కొన్నవాళ్ళ మనవడు ఇప్పుడు దాన్నే
నిలువనీడ లేనివాళ్ళ కోసం
రాత్రికింత అని మాకే అద్దెకిస్తున్నాడు.
ఆ బిల్లు పక్క బల్ల మీదికి వస్తుంది నెలనెలా.
దానిమీద ఇంతవరకూ
ఒక్క ఫిర్యాదూ రాలేదు.

సంతకం పెట్టబోతూ ఆగాను.
రెండు ఉత్తరాలూ పక్కపక్కన పడున్నాయి.
అదే నీలం సిరా. అదే పక్కకి వాలిన అక్షరం,
వాక్యం చివర చుక్క బదులు పొడిచిన గాటు.
చేతిరాత చదవగలనని ఇందాక గొప్పలు పోయాను కదా!
యోర్దానోస్ ఉత్తరం తిప్పితే వెనక సన్నగా:

"ఆమె చెప్తుంటే నేను రాశాను. ఎదురు వాటా.
పిల్లాడి దగ్గు మా గోడకి వినిపిస్తుంది.
ఆమెది వేరు, నాది వేరు.
రెంటికీ విడివిడిగా జవాబివ్వండి.
– టి. బ్రాకిల్స్‌బీ"

విడివిడిగానే పంపాను.
అవే వాక్యాలు, రెండు కవర్లు,
ఒకే మెట్ల కింద రెండు పెట్టెలకి.
ఏడో పనిదినానికే.

సొరుగు ఇంకా తెరవలేదు.
భోజనం డబ్బా బల్ల మీదే ఉంటోంది.