పరిశీలనలో ఉంది

నా దరఖాస్తు ఇప్పుడు ఏ దేశంలో నిద్రపోతోందో తెలీదు.
నేను మాత్రం కనిగిరిలో,
కాలేజీ వెనక రేకుల గదిలో,
ఫ్రిజ్ మీద చెయ్యి వేసి కూర్చున్నాను.
కరెంటు పోతే మొదట తెలిసేది నా అరచేతికే.

లోపల నూట పద్నాలుగు సీసాలు. ప్లాస్టిక్‌వి.
ఇక్కడి నీళ్ళకి గాజన్నా లోకువే.
ఒక్కోదాని మెడకి ఒక ఊరు కట్టి ఉంది:
వెలిగండ్ల, హనుమంతునిపాడు బడి బోరు,
పామూరు రోడ్డు మీద టీకొట్టు,
"చెంచమ్మ ఇంటెనక, కమ్మగా ఉంటాయంట."
ఆ చీటీ నేనే రాశాను, శాస్త్రం కాదని తెలిసీ.
ఈ నేల నీళ్ళు నాలిక్కి చెప్పి కొరకవు.

మార్చి నెలాఖరుకి చెబుతామన్నారు.
మార్చి పోయింది. ఏప్రిల్లో వాళ్ళకేవో పండగ సెలవులంట.
మాకు ఏప్రిల్ అంటే
ట్యాంకరు వెనక బిందెలు పరిగెత్తే నెల.

రాత్రి పదింటికి వాళ్ళ ఆఫీసు మూస్తారు. లెక్క కట్టి పెట్టుకున్నాను.
పదింటి దాకా నేను మనిషిని కాను, ఒక చెవిని.
దాటాక ఇంటికెళ్ళి అన్నం తింటాను.

ఫోను మోగుతుంది. బంగారం మీద లోను ఇస్తారంట.
మోగుతుంది. గిద్దలూరు నుంచి పిన్ని.
"ఏమ్మే, ఆ దొరలు డబ్బులేశారా?"
డబ్బులు కాదు పిన్నీ, గ్రాంటు.
"ఏదోకటి. పడితే చెప్పు."

ఫిబ్రవరిలో తెర మీద ఐదు గళ్ళు, ఐదు ముఖాలు.
ఒకాయన వెనక కిటికీలో మంచు పడుతోంది.
అన్ని నీళ్ళు, అంత మెల్లగా, ఎవరికీ అక్కర్లేనట్టు.
నేను ఆ కిటికీనే చూస్తుంటే
ఒకావిడ మర్యాదగా అడిగింది:
ఈ పనికి మీరే ఎందుకు?

జవాబు నోట్లోనే ఉంది.
నాలుక దానికి తగులుతూనే ఉంది.
ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు,
ఏడో క్లాసు నుంచి ఏ గ్రూపు ఫోటోకీ దొరకనివి.
పెదాలు ఎంత తెరిస్తే మాట వస్తుందో
పళ్ళు రావో, నాకు బాగా తెలుసు.
పన్నెండేళ్ళ అనుభవం, అన్నాను. తొమ్మిది పేపర్లు, అన్నాను.
ఆవిడ రాసుకుంది.

ఆ రోజు నుంచీ మళ్ళీ మళ్ళీ ఆ గళ్ళ ముందుకి వెళ్తున్నాను.
స్నానం చేస్తూ, బస్సులో, పరీక్షల డ్యూటీలో.
ఈసారి నోరు తెరుస్తాను.
ఈసారి ఓబులేసు సంగతి చెబుతాను.
పిలిస్తే మెడ తిరగదు,
తలుపు తిరిగినట్టు మనిషంతా తిరిగి చూస్తాడు.
దరఖాస్తులో అతను
మూడు వేల ఆరు వందల్లో ఒకటి.
అంతకన్నా గడిలో పట్టలేదు.

వెబ్‌సైటు తెరిస్తే అదే మాట, అరవై ఒక్క రోజులుగా:
పరిశీలనలో ఉంది.
పరిశీలన అంటే నాకు తెలుసు.
పరీక్షనాళికలో ఎర్రమందు పోసి
రెప్ప వెయ్యకుండా చూడటం.
ఎరుపు ఎంత వెలిస్తే
ఆ ఊళ్ళో అంత ఉన్నట్టు.
నన్ను అక్కడ ఎవరైనా అట్లా పట్టుకుని ఉన్నారా,
వెలుతురుకి ఎదురుగా?
లేక కట్టలో కింద ఎక్కడో ఉన్నానా,
టీ కప్పు మచ్చ పడి?

తొమ్మిదీ ముప్పావుకి కాలేషా గుమ్మంలో నిలబడ్డాడు,
వేలికి తాళాల గుత్తి.
"వచ్చిందా మేడం?"
రాలేదు.
"రాదన్నారా?"
అదీ అనలేదు.
కాసేపు గడ్డం గోక్కుని
"మరి రేపటికి సీసాలు కడగాల్నా, వద్దా?"

ఇన్ని రోజుల్లో
ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు.
సీయస్ పురం బస్సు పొద్దున ఐదున్నరకి.
బస్సు చార్జీ నా పర్సులోదే, అలవాటే.
కడుగు, అన్నాను. పన్నెండు చాలు.

బయట తొట్టి దగ్గర
పైకే లెక్కపెడుతున్నాడు.
పదిహేను దాకా వినిపించింది.

పదికి ఇంకా నాలుగు నిమిషాలుంది.