కనకవల్లి కంప్యూటరు

పెరుంగుడిలో మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే
చిత్తడినేల మీంచి చెత్తకుప్ప కాలిన వాసన,
అందుకే తెరవం.
ఇక్కడ నా ఉద్యోగం ఒక మనిషిని కల్పించడం.

ఆవిడ పేరు కనకవల్లి. వయసు యాభై రెండు.
మడిపాక్కంలో కుట్టు క్లాసులు చెబుతుంది.
ఆవిడ డెస్క్‌టాప్ మీద ఆడపడుచు పెళ్ళి ఫొటోలు నూట పద్నాలుగు,
రేషన్ కార్డు స్కాను, వంకరగా,
జాకెట్టు కొలతల పట్టిక,
కార్పొరేషన్‌కి రాస్తూ సగంలో ఆపేసిన ఫిర్యాదు:
"అయ్యా, మా వీధి కాలువ"
అంతే.
ఒక్కటీ నిజం కాదు. అన్నీ నేనే రాశాను.

పాత దొంగలకైతే వేలిముద్రలున్నాయి మా దగ్గర, కోట్లలో.
ముద్ర కలిసిందా, గడప దగ్గరే మెడ పట్టుకుంటాం.
నిన్న రాత్రి పుట్టినదానికి ముద్ర ఎక్కడిది?
గుమ్మడికాయల దొంగెవరంటే
భుజాలు తడుముకునే రకం కాదది.
ఉత్తుత్తి యంత్రంలో వదిలి ఏం చేస్తుందో చూద్దామంటే
కుక్కిన పేనులా పడుంటుంది.
ముందు ఇల్లంతా కలయజూస్తుంది.
మౌస్ కదిలిందా? ఈమధ్య ఎవరైనా ఏదైనా తెరిచారా?
గోడలు మరీ కొత్తగా ఉన్నాయేం?
మనిషి వాసన తగలకపోతే
పదకొండు నిమిషాలు నిద్ర నటించి
మర్యాదగా వెళ్ళిపోతుంది.
గడియారాన్ని ముందుకి తిప్పి చూశాం.
అదీ కనిపెట్టేసింది.

అందుకని కనకవల్లి.
ఆవిడ మౌస్‌ని కాస్త తడబడుతూ కదుపుతాను,
తప్పు చోట రెండుసార్లు నొక్కుతాను,
పాలు పొంగుతున్నాయని లేచినట్టు మధ్యలో ఆగుతాను.
ఆ ఆగడం దగ్గరే, చాలాసార్లు, అది నమ్ముతుంది.

నమ్మాక చూడాలి.
ఒక్కో ఫొటోకీ తాళం పడుతుంది. తలంబ్రాలు, బంతి భోజనాలు,
ఎవరో పిల్లాడు ఏడుస్తున్న ఫొటో.
కాలువ ఫిర్యాదునీ వదలదు.
నేను రాసుకుంటాను: ఏ తలుపు తట్టింది, ఏ ఊరికి కబురు పంపింది,
బ్యాకప్‌ల పీక ముందు నొక్కిందా, తర్వాతా.
ఆ నడకే ఇకమీదట దాని ముద్ర.
పక్క సీట్లో ఇళంపరిది "మాట్టికిచ్చు" అని వేళ్ళు విరుచుకుంటాడు.
ఒక్క బటన్ నొక్కితే కనకవల్లి
పొద్దున తొమ్మిదింటికి ఎలా ఉందో అలా లేచి కూర్చుంటుంది,
ఏమీ గుర్తుండదు.
రోజుకి పాతిక, ముప్పైసార్లు.

నెలకోసారి మాకూ పరీక్ష.
వేరే ఊరి ల్యాబు వాళ్ళు మా కాపలాని కొత్త దొంగల మధ్యకి తోసి
ఎన్నింటిని పట్టిందో లెక్కేస్తారు.
నూటికి తొంభై తొమ్మిదిన్నర.
మిగిలిన అరకి మా మేనేజరు తోతాద్రి భోజనం మానేస్తాడు.
మధ్యమధ్య అమాయకుల్నీ పంపుతారు.
దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారే,
మాకు దొర దొరికినా తప్పే.

ఫిబ్రవరిలో దొరికాడు. పరీక్షలో కాదు, బయట.
ప్యారిస్ కార్నర్‌లో కాగితం హోల్‌సేల్ కొట్లకి
బిల్లులు వేసే ప్రోగ్రాము. రాసింది ఒక్కడే,
సుబ్బరత్నం చెట్టిగారు.
చవగ్గా వస్తుందని, దొంగలు వాడే సంచీలోనే
ఆయనా మూట కట్టాడు.
రాత్రి రెండూ నలభైకి మా అప్‌డేట్ వెళ్ళింది.
తెల్లారేసరికి తొంభై కొట్లలో బిల్లు లేదు.

ఫోను నేనెత్తాను.
"ఏం చేసిందమ్మా నా ప్రోగ్రాము?"
ఏం చెయ్యలేదండీ.
"మరి?"
పోలికలున్నాయి.
కాసేపు అటునుంచి ఆటో హారన్లు,
ఎవరో రీముల లెక్క అరవంలో కేకేస్తున్నారు.
"పోలికలా," అన్నాడాయన, మెల్లగా,
నోట్లో రాయి తగిలినట్టు.

మధ్యాహ్నానికి విడిపించాం.
ఆ రాత్రి షిఫ్టయ్యాక కనకవల్లి యంత్రంలో
సుబ్బరత్నంగారి ప్రోగ్రాము ఎక్కించాను.
కుట్టు క్లాసుల రసీదులు ఇప్పుడు అందులోనే, నెలకి నాలుగొందల యాభై,
ఇద్దరు పిల్లలు బాకీ.
ఆ ఫిర్యాదు కూడా పూర్తి చేద్దామని
"మా వీధి కాలువ" పక్కన కర్సర్ పెట్టాను.
చాలాసేపు మిణుకుమంది.
వదిలేశాను.
సగంలో ఆగిన ఉత్తరాన్నే
అవి ఎక్కువ నమ్ముతాయి.