నిండిన డ్రమ్ము

చెంగల్రాయులు ఎడమ పక్కకే ఒరిగి పడుకుంటాడు.
కుడికి తిరిగితే ఊపిరాడదంటాడు.
రుయాలో ఛాతీ వార్డు, నాలుగో మంచం,
కిటికీలో కొండ సగం, నీళ్ళ ట్యాంకు సగం.

"ఏం పని చేస్తారు?"
"బంగారుపాళ్యం కాడ మామిడిగుజ్జు ఫ్యాక్టరీ మేడం.
డ్రమ్ములు తట్టి చూసే పని.
మూత తీయకుండా చెప్పల్ల,
ఏది నిండిందో, ఏది వెలితో."
నవ్వబోయి ఆగాడు.
నవ్వుకీ ఊపిరి కావాలి.

ఇరవై రోజుల కిందట
పక్కటెముకల సందున కత్తి దిగినట్టు పోటు.
దగ్గితే, తుమ్మితే, గట్టిగా గాలి పీలిస్తే.
పట్టేసిందని ఇంట్లో నూనె కాచి రాశారు.
పదో రోజుకి నొప్పి దానంతటదే పోయింది.
నయమైందని డ్యూటీ ఎక్కాడు.

పోయినేడాది అయితే నేనూ నమ్మేదాన్ని.
ఊపిరితిత్తికి రెండు పొరల చొక్కా,
ఒకటి దాన్ని కరుచుకుని, ఒకటి ఎముకల గూటిని.
వాచినప్పుడు రెండూ ఒరుసుకుంటాయి,
కొత్త తోలుచెప్పు కిర్రుమన్నట్టు.
మధ్యలో నీరు చేరితే ఒరుపు ఆగుతుంది.
నొప్పి సర్దుకుంటుంది.
జబ్బు మాత్రం మెట్టు మెట్టుగా
పైకెక్కుతూ ఉంటుంది.

"ఒకటీ రెండూ మూడూ అనండి."
వీపు మీద అరచేయి ఆనించాను.
"ఒకటి, రొండు, మూడు..."
కుడివైపు, గుప్పిట్లో తుమ్మెద ఉన్నట్టు అదురు.
ఎడమ కింద ఏమీ లేదు.
గొంతు అంతదాకా వచ్చి వెనక్కి మళ్ళిపోయింది.
మెడ గుంటలో వేలుపెడితే
గాలిగొట్టం రవ్వంత కుడికి జరిగి ఉంది,
బస్సులో పక్కవాడు తోస్తే జరిగినట్టు.

వేలు పరిచి వేలితో తట్టాను.
పైన డబ్‌డబ్‌మంది. కిందికి దిగేకొద్దీ
"ఎక్కడ మారింది?" వెనక నుంచి హైమావతి మేడం.
నా వేలు తడబడింది.
దిండు మీద వాల్చిన తల ఎత్తకుండానే అతనన్నాడు:
"రొండేళ్ళు పైకి కొట్టండి మేడం.
ఆడ మారతాది.
దాని కింద అంతా నిండుగా ఉండాది.
నిండిన డ్రమ్ము ఇట్నే, రాయి మాదిరి, పలకదు."

పెన్నుతో అక్కడే గీత గీశాను.
సాయంత్రం ఎక్స్‌రేలో
ఆ గీత దగ్గరే తెల్లగా అంచు వంచి నిలబడింది నీరు.

నీరని తెలిసింది. ఏ ఊటదో తెలియాలి.
కాళ్ళ వాపు లేదు, గుండెను అనుమానించలేం.
చీము పట్టిన జ్వరమైతే ఒళ్ళు పెనంలా కాలేది.
క్యాన్సరు మాట మేడం కొట్టేయలేదు,
పక్కన పెట్టారు.
దీపాల వేళకి సన్నటి జ్వరం.
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండు.
"ఇంట్లో ఎవరికైనా దగ్గు?"

చాలాసేపు పలకలేదు.
"మా బామ్మర్దికి. ఆర్నెల్ల మాత్రలిచ్చిరి.
బాగుండాదని రొండో నెలకే మానేసినాడు.
అందరం ఒగే గదిలో పండుకుంటాం."

అతనికీ తగ్గిందనే అనిపించింది.

సిరంజిలోకి వచ్చిన రంగుని
పుస్తకం ఎండుగడ్డితో పోలుస్తుంది.
అతను తల తిప్పి చూశాడు,
"తోతాపురి కడిగిన నీళ్ళు" అన్నాడు.
పరీక్ష కాగితం క్షయ అంది, రెండ్రోజులు ఆలస్యంగా.

ఈ పొద్దున రౌండ్స్‌కి వెళ్తే
చెంగల్రాయులు కుడివైపు తిరిగి ఉన్నాడు.
మంచం పక్కన నేల మీద, మూతికి తువ్వాలు కట్టుకుని
బక్కపల్చటి కుర్రాడు.
వాడి వీపు మీద ఒక వేలు పరిచి,
ఇంకో వేలితో తట్టి,
కళ్ళు మూసుకుని వింటున్నాడు.